రెండో ప్రపంచ యుద్ధం టైంలో అమెరికా కాలేజీ స్టూడెంట్స్ జాతి వివక్ష మీద పోరాడారా? హోవర్డ్ యూనివర్సిటీ పిల్లలు ఏం చేశారంటే

ప్రశ్న ఇది: "సిట్ ఇన్ అనగానే అందరూ 1960 గ్రీన్స్‌బరో గురించే చెప్తారు, అంతకుముందు, ముఖ్యంగా యుద్ధం నడుస్తున్నప్పుడు, అమెరికాలో కాలేజీ పిల్లలు ఏమీ చేయలేదా? చేస్తే దేశద్రోహులు అని ముద్ర వేయలేదా? ఏమైనా ఫలితం వచ్చిందా?"

చాలా మంచి ప్రశ్న. సిట్ ఇన్ అంటే తమకి వడ్డించని చోటే లేవకుండా కూర్చుని నిరసన తెలపడం, 1960లో నార్త్ కరొలైనా గ్రీన్స్‌బరోలో నల్లజాతి కాలేజీ పిల్లలు చేసింది అదే. నేను అమెరికా చరిత్ర చాలా ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, నా క్లాసుల్లో కూడా అందరికీ రోజా పార్క్స్, మార్టిన్ లూథర్ కింగ్, గ్రీన్స్‌బరో ఈ మూడు పేర్లే తెలిసేవి. చేశారండీ, గట్టిగానే చేశారు, ఒకచోట కాదు చాలాచోట్ల చేశారు. షికాగోలో యూనివర్సిటీ స్టూడెంట్స్ ఎక్కువగా ఉన్న ఒక గుంపు 1942లో జాతి సమానత్వం కోసం కోర్ అనే సంస్థ పెట్టి 1943 మేలో జాక్ స్ప్రాట్ అనే కాఫీ హౌస్‌లో కూర్చున్నారు. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే 1940లో న్యూయార్క్ యూనివర్సిటీ పిల్లలు తమ టీంలో ఉన్న నల్లజాతి ఫుట్‌బాల్ ప్లేయర్ని మిసోరీ మ్యాచ్‌కి తీసుకెళ్లకపోవడం మీద పెద్ద గొడవ చేశారు, 1941లో అందులో ఏడుగురిని యూనివర్సిటీ సస్పెండ్ కూడా చేసింది. కానీ మీ మూడు ప్రశ్నలకీ ఒకేచోట జవాబు దొరికేది వాషింగ్టన్‌లో, హోవర్డ్ యూనివర్సిటీలో, 1943, 1944 సంవత్సరాల్లో. అందుకే అదే వివరంగా చెప్తాను.

ముందు ఆ ఊరు ఎలా ఉండేదో తెలియాలి. వాషింగ్టన్ దేశ రాజధాని, అక్కడ ట్రాముల్లో బస్సుల్లో విడి సీట్లు లేవు, పబ్లిక్ లైబ్రరీలోకి ఎవరైనా వెళ్లొచ్చు, కానీ డౌన్‌టౌన్‌లో హోటళ్లు, సినిమా హాళ్లు, రెస్టారెంట్లు మాత్రం తెల్లవాళ్లకే. నల్లవాళ్లు కూర్చుని తినాలంటే యూనియన్ స్టేషన్, గవర్నమెంట్ ఆఫీసు క్యాంటీన్లు, ఇలా చేతివేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే రెస్టారెంట్లో నల్లవాళ్లకి వడ్డించకూడదు అని చెప్పే చట్టం ఏదీ వాషింగ్టన్‌లో లేదు, అది ఉత్త ఆచారం, దక్షిణాది రాష్ట్రాల్లో లాగా పుస్తకంలో రాసిన రూల్ కాదు. మన దగ్గర టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఏ చట్టం పెట్టింది చెప్పండి? ఎవరూ రాయకపోయినా అందరూ పాటించారు కదా, అలాగే.

అలాంటి ఊళ్లో హోవర్డ్ యూనివర్సిటీ ఉంది. నల్లజాతి మేధావులకి అది కేంద్రం లాంటిది. 1939లో మరియన్ ఆండర్సన్ అనే గొప్ప గాయనికి కాన్‌స్టిట్యూషన్ హాల్ ఇవ్వమంటే ఆవిడ నల్లజాతి మనిషి కాబట్టి ఇవ్వం అన్నారు చూడండి, చివరికి లింకన్ మెమోరియల్ మెట్ల మీద పాడారు, ఆ కచేరీకి హాల్ అడిగింది ఈ హోవర్డ్ వాళ్లే. రక్తం ప్లాస్మా నిల్వ చేసే పద్ధతుల మీద పనిచేసిన డాక్టర్ చార్లెస్ డ్రూ కూడా ఇక్కడి ప్రొఫెసరే, ఆయన పనిమీద ఆధారపడిన బ్లడ్ బ్యాంకుల్లోనే రెడ్‌క్రాస్ మొదట నల్లవాళ్ల రక్తం వద్దంది, 1942 నుంచి తీసుకుంది కానీ విడిగా లేబుల్ వేసి పెట్టింది. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, సైంటిస్టుకి తెలుసు రక్తంలో జాతి ఉండదని, అయినా ఆయన దేశమే వినలేదు.

ఇప్పుడు యుద్ధం సంగతి. సైన్యంలో నల్లవాళ్లకి విడి యూనిట్లు, విడి బ్యారక్‌లు, విడి మెస్. 1941లో ఫిలిప్ రాండాల్ఫ్ అనే కార్మిక నాయకుడు వాషింగ్టన్ మీదకి వేలమందితో మార్చ్ చేస్తానని బెదిరిస్తే అప్పుడు ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ యుద్ధ పరిశ్రమల్లో ఉద్యోగాల విషయంలో వివక్ష కూడదని ఆర్డర్ ఇచ్చాడు, జూన్ 25న. సైన్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. 1942లో పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రిక "డబుల్ వి" అని ఒక నినాదం లేపింది, అంటే బయట హిట్లర్ మీద గెలుపు, ఇంట్లో జాతి వివక్ష మీద గెలుపు, రెండూ ఒకేసారి. హోవర్డ్ పిల్లలు ఈ వాతావరణంలో చదువుకుంటున్నారు, తమ క్లాస్‌మేట్స్ ఒక్కొక్కరూ సైన్యంలో చేరాలని పిలిచే డ్రాఫ్ట్ కాగితాలు అందుకుని వెళ్లిపోతున్నారు, ఎక్కడికి వెళ్తున్నారంటే ప్రజాస్వామ్యం కోసం పోరాడటానికి, ఏ సైన్యంలోకంటే తమని విడిగా కూర్చోబెట్టే సైన్యంలోకి.

మగపిల్లలు వెళ్లిపోతుంటే ఉద్యమం ఆడపిల్లల చేతిలోకి వచ్చింది, ఈ విషయం చాలామంది వదిలేస్తారు. 1943 జనవరిలో రూత్ పవెల్, మారియాన్ మస్‌గ్రేవ్, వనీటా మారో అనే ముగ్గురు అమ్మాయిలు పెన్సిల్వేనియా అవెన్యూలో ఒక షాపు కౌంటర్ దగ్గర కూర్చుని హాట్ చాక్లెట్ అడిగారు. ఇవ్వం అన్నారు. వీళ్లు లేవలేదు. పోలీసులు వచ్చి, చివరికి వాళ్లకి ఇవ్వండి అని షాపువాళ్లకి చెప్పారు, ఇచ్చారు, కానీ బిల్లు మాత్రం మామూలు రేటు కంటే రెట్టింపు పైనే వేశారు. వీళ్లు అసలు రేటు ఎంతో అంత అక్కడ పెట్టి బయటికి వచ్చారు, అంతే, అరెస్ట్ చేసి సోదా చేసి సెల్‌లో పడేశారు. తర్వాత కేసు ఏమీ పెట్టకుండానే వదిలేశారు, ఎందుకంటే పెట్టడానికి కేసు లేదు. రూత్ పవెల్ అంతకుముందు నుంచే ఒక్కతే ఇలా చేస్తుండేది, తనకి వడ్డించం అన్న చోట లేచి వెళ్లిపోకుండా అలాగే కూర్చుని వెయిటర్ వైపు చూస్తూ ఉండేది, ఎంతసేపైనా. ఎవరూ చెప్పలేదు, ఏ సంస్థా వెనక లేదు.

ఈ అరెస్టుతో క్యాంపస్ మండిపోయింది. అప్పుడు ముందుకొచ్చిన మనిషి పాలీ మరీ. పూర్తి పేరు ఆనా పాలీన్ మరీ, 1910లో పుట్టారు, నార్త్ కరొలైనా డరంలో పెరిగారు, 1938లో నార్త్ కరొలైనా యూనివర్సిటీకి అప్లై చేస్తే జాతి కారణంగా తీసుకోలేదు, 1940లో వర్జీనియాలో బస్సులో విరిగిన సీటు ఉన్న వెనక వరసకి వెళ్లనన్నందుకు స్నేహితురాలితో పాటు జైలుకి వెళ్లారు, అంటే 1955లో బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ కంటే పదిహేనేళ్ల ముందు. 1941లో హోవర్డ్ లా స్కూల్లో చేరారు, క్లాసులో ఒక్కరే ఆడమనిషి. మిగతా పిల్లల కంటే వయసులో పెద్ద, లా చదువుతున్నారు, పైగా అహింసా పద్ధతి గురించి చదువుకున్నారు. పిల్లలకి అలాంటి మనిషే కావాలి అప్పుడు.

ఇక్కడ మనకి ఒక నిజమైన సంబంధం ఉంది, బలవంతంగా తెచ్చింది కాదు. కృష్ణలాల్ శ్రీధరాణి అనే గుజరాతీ రచయిత, స్టూడెంట్‌గా ఉన్నప్పుడు గాంధీతో దండి యాత్రలో నడిచినవాడు, తర్వాత కొలంబియాలో చదివి 1939లో సత్యాగ్రహం ఎలా చేయాలో దశలవారీగా వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. అమెరికాలో ఈ ఉద్యమకారులందరూ దాన్ని పాఠ్యపుస్తకంలా చదివారు, పాలీ మరీ కూడా చదివారు. హోవర్డ్ చాపెల్‌కి డీన్‌గా ఉన్న హోవర్డ్ థర్మన్ అయితే 1936లో బార్డోలీ వెళ్లి గాంధీని స్వయంగా కలిసొచ్చాడు. ఇంకో సంగతి చూడండి, వాషింగ్టన్‌లో ఈ పిల్లలు గాంధీ పద్ధతిలో కూర్చున్న 1943, 1944 ఏప్రిల్ నెలల్లో గాంధీ పూనా ఆగాఖాన్ ప్యాలెస్‌లో బందీగా ఉన్నాడు, బందీ చేసింది అమెరికాకి మిత్రదేశమైన బ్రిటన్.

సరే, ఆవేశంతో వెంటనే వీధిలోకి దూకలేదు వీళ్లు, అదే నాకు అన్నిటికంటే నచ్చే విషయం. ముందు సర్వే చేశారు, దాదాపు 300 మంది స్టూడెంట్స్‌ని అడిగారు, యుద్ధం అయ్యేదాకా సమాన హక్కుల పోరాటం ఆపేద్దామా అని. ఇంచుమించు అందరూ వద్దు అన్నారు, చాలామంది తాము కూడా వస్తామన్నారు. నల్లజాతి హక్కుల కోసం పనిచేసే ఎన్ఏఏసీపీ అనే సంస్థ క్యాంపస్ శాఖ కింద కమిటీ వేశారు. విలియం రేన్స్ అనే లా స్టూడెంట్ అంతకుముందే ఒక ఆలోచన చెప్పి ఉన్నాడు, వడ్డించకపోతే సీట్లలో పుస్తకం తెరిచి కూర్చుందాం, మనల్ని వద్దన్నందుకు వాళ్లు తమ బిజినెస్‌తో మూల్యం చెల్లించుకోనివ్వండి అని. దాన్ని తీసుకున్నారు. వచ్చే ప్రతి ఒక్కరి చేత ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టించారు, ఎవరు ఎంత రెచ్చగొట్టినా గౌరవంగా ఉంటాం, తిరిగి చేయి ఎత్తం అని. మంచి బట్టలు వేసుకోవాలి, గొంతు పెంచకూడదు, ఏం చట్టం కింద అరెస్ట్ చేసే అవకాశం ఉందో ముందే తెలుసుకుని ఉండాలి. పోస్టర్లు రాసుకున్నారు, క్యాంపస్‌లో డబ్బులు పోగు చేశారు.

మొదటి టార్గెట్ లిటిల్ ప్యాలెస్ కెఫెటేరియా, 14వ వీధి, యు వీధి కలిసే దగ్గర. చుట్టూ అంతా నల్లవాళ్ల బస్తీ, మధ్యలో ఈ ఒక్క హోటల్ తెల్లవాళ్లకి మాత్రమే. వాషింగ్టన్ వెళ్లే మనవాళ్లు వైట్ హౌస్ ముందు ఫోటో దిగి వచ్చేస్తారు, వీలైతే ఈసారి యు స్ట్రీట్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి ఆ జంక్షన్ చూడండి.

1943 ఏప్రిల్ 17, శనివారం, వాన పడుతోంది. ముగ్గురు ముగ్గురుగా కొద్ది నిమిషాల తేడాతో లోపలికి వెళ్లారు, మొత్తం పన్నెండు మంది. ట్రే పట్టుకుని లైన్లో నిలబడ్డారు, వడ్డించం అన్నారు, ఖాళీ ట్రేలు పట్టుకెళ్లి టేబుళ్ల దగ్గర కూర్చుని పుస్తకాలు తీశారు, కొందరు కవిత్వం, కొందరు క్లాసు నోట్స్. ఓనర్ పోలీసుల్ని పిలిచాడు, వాళ్లు వచ్చి చూస్తే పిల్లలు నిశ్శబ్దంగా చదువుకుంటున్నారు, ఏ నేరం కింద పట్టుకోవాలి? ఓనర్ ఇక చేసేది లేక టైం కంటే ఎనిమిది గంటల ముందే హోటల్ మూసేశాడు. బయట పికెటింగ్ మొదలైంది. ఒక ప్లకార్డు మీద "మనం కలిసి చనిపోతాం, కలిసి ఎందుకు తినకూడదు?" అని ఉంది. ఇంకోదాని మీద వాషింగ్టన్‌లో వేర్పాటు చట్టమే లేదు, మరి నీ సంగతేంటి లిటిల్ ప్యాలెస్ అని. సోమవారం మళ్లీ నిలబడ్డారు. ఓనర్ దిగొచ్చాడు, తలుపులు నల్లవాళ్లకి తెరిచాడు. మొత్తం వ్యవహారం రెండు మూడు రోజుల్లో తేలిపోయింది.

దేశద్రోహులు అనలేదా అన్నారు కదా, ఇదిగో ఆ ప్లకార్డులోనే ఉంది జవాబు. వీళ్లు యుద్ధానికి వ్యతిరేకంగా ఒక్క మాట అనలేదు, మా అన్నదమ్ములు మీకోసం యుద్ధం చేస్తున్నారు మేము ఇక్కడ ఎందుకు తినకూడదు అని అడిగారు. మరుసటి ఏడాది ప్లకార్డు ఇంకా సూటిగా ఉంది, "మీరు హిట్లర్ దారిలో ఉన్నారా, అమెరికా దారిలో ఉన్నారా? తేల్చుకోండి." యుద్ధం టైంలో ఏ ప్రభుత్వమైనా జనాన్ని కూడగట్టడానికి పెద్ద పెద్ద మాటలు చెప్తుంది, స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, సమానత్వం అని, ఈ పిల్లలు ఆ మాటల్ని నిజంగా నమ్మి ఆచరణలో చూపించమన్నారు. అలా అడిగేవాణ్ణి ద్రోహి అనడం కష్టం. పోరాటానికి యుద్ధం అడ్డం వస్తుందని అందరూ అనుకున్న చోట వీళ్లు దాన్నే తమ బలంగా మార్చుకున్నారు, నా దృష్టిలో ఈ ఉద్యమంలో అసలు తెలివి అదే.

రెండోది థాంప్సన్స్, 1944 ఏప్రిల్ 22, శనివారం. ఇది చిన్న హోటల్ కాదు, షికాగో హెడ్ ఆఫీసుగా ఉన్న పెద్ద చెయిన్, పెన్సిల్వేనియా అవెన్యూ 11వ వీధి దగ్గర బ్రాంచి, వైట్ హౌస్‌కి నడిచి వెళ్లేంత దూరం. ధరలు తక్కువ, గవర్నమెంట్ ఉద్యోగులు ఎక్కువగా తినేచోటు. సాయంత్రం నాలుగింటి నుంచి ఇద్దరు ముగ్గురుగా, మామూలు కస్టమర్లలా వెళ్లి కూర్చున్నారు, చివరికి యాభై మంది దాటారు. బయట గుంపు చేరింది, తిట్టేవాళ్లు తిట్టారు, వీళ్లు పుస్తకాల మీంచి కళ్లు ఎత్తలేదు. అప్పుడు ప్లాన్‌లో లేనిది ఒకటి జరిగింది. యూనిఫాంలో ఉన్న నల్లజాతి సైనికులు కొందరు లోపలికొచ్చి ఆర్డర్ అడిగారు, వాళ్లకీ ఇవ్వలేదు, వాళ్లు కూడా టేబుల్ దగ్గర కూర్చుని చదువుకోవడం మొదలుపెట్టారు. దేశం యూనిఫాం వేసుకున్న మనిషికి రాజధానిలో భోజనం లేదు, ఆ దృశ్యాన్ని బయట నుంచి జనం చూస్తున్నారు. మిలిటరీ పోలీసులు వచ్చారు, ఆ సైనికుల్ని వెళ్లమనే అధికారం నిజానికి వాళ్లకి కూడా లేదు, సైన్యానికి ఇబ్బంది రాకుండా దయచేసి వెళ్లండి అని ఒక లెఫ్టినెంట్ అడిగాడు. అప్పుడు స్టూడెంట్స్, అలా అయితే సైనికులందరినీ, తెల్లవాళ్లని కూడా, పంపించేయండి అన్నారు. పంపించేశారు కూడా. నాలుగు గంటల్లో అక్కడి బిజినెస్ సగానికి పడిపోయింది. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో షికాగో నుంచి ఆర్డర్ వచ్చింది, వడ్డించమని. వడ్డించారు, పిల్లలు తిన్నారు.

ఇంత శుభ్రంగా గెలిచిన తర్వాత ఉద్యమాన్ని ఆపింది ఎవరు అంటే సొంత యూనివర్సిటీ. థాంప్సన్స్‌తో మాటలు పూర్తికాకముందే, ఇకమీదట ఇలాంటివి చేయొద్దని యూనివర్సిటీ ప్రెసిడెంట్ మోర్డెకాయ్ జాన్సన్ ఆఫీసు నుంచి స్టూడెంట్స్‌కి ఆదేశం వచ్చింది. కారణం డబ్బు. హోవర్డ్ ఆదాయంలో సుమారు 60 శాతం ఫెడరల్ గవర్నమెంట్ నుంచి వచ్చేది, అంటే కాంగ్రెస్ ఓటు వేయాలి, వాషింగ్టన్ వ్యవహారాలు చూసే సెనేట్ కమిటీకి అప్పుడు ఛైర్మన్ మిసిసిపీకి చెందిన థియోడర్ బిల్బో, జాతి ద్వేషాన్ని సభలోనే బాహాటంగా మాట్లాడే మనిషి. ముందటి ఏడాది 1943లో డెట్రాయిట్‌లో, హార్లెంలో అల్లర్లు జరిగాయి, ఆ భయం కూడా ఉంది. జాన్సన్ గురించి నా అభిప్రాయం అడిగితే, ఆయన పిరికివాడు అని నేననను, ఆయన చేతిలో ఉన్నది నల్లజాతి డాక్టర్లనీ లాయర్లనీ తయారుచేసే సంస్థ, దాని గ్రాంటు ఆగితే ఒక తరం నష్టపోతుంది. కానీ పిల్లలు అడిగింది కూడా న్యాయమే, క్యాంపస్ బయట మేము పౌరులం, మా హక్కుని మీరెలా ఆపుతారు అన్నారు. వాదించారు, ఆదేశానికి మాత్రం కట్టుబడ్డారు. ఒత్తిడి తగ్గగానే థాంప్సన్స్ మళ్లీ పాత పద్ధతికే వెళ్లిపోయింది.

అంటే ఫలితం సున్నానా? అక్కడే కథ ఆపేస్తే అలాగే అనిపిస్తుంది. కానీ వాషింగ్టన్‌కి 1872, 1873లో చేసిన చట్టాలు రెండు ఉన్నాయి, మర్యాదగా నడుచుకునే ఎవరికైనా రెస్టారెంట్లో వడ్డించాల్సిందే, లేదంటే ఫైను, లైసెన్స్ రద్దు. ఎవరూ రద్దు చేయలేదు, 1901లో చట్టాలన్నీ కలిపి కోడ్ వేసినప్పుడు అందులోంచి జారిపోయాయి, తర్వాత అందరూ మర్చిపోయారు. 1940ల చివర్లో అవి మళ్లీ బయటికి వచ్చాక 1950లో మేరీ చర్చ్ టెరెల్ అనే పెద్దావిడ, అప్పటికి 86 ఏళ్లు, కొంతమందితో కలిసి వాషింగ్టన్‌లోనే థాంప్సన్స్ చెయిన్‌కి చెందిన ఇంకో బ్రాంచికి వెళ్లారు. వడ్డించం అన్నారు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1953 జూన్ 8న ఆ పాత చట్టాలు ఇంకా చెల్లుతాయని తీర్పు వచ్చింది. దాంతో వాషింగ్టన్ రెస్టారెంట్లు అందరికీ తెరుచుకున్నాయి. స్టూడెంట్స్ తలుపు తట్టిన చెయినే కోర్టులో ఓడిపోయింది.

రెండో దారి లా స్కూల్ క్లాసురూంలోంచి వెళ్లింది. ఆఖరి ఏడాదిలో పాలీ మరీ క్లాసులో ఒక మాట అన్నారు, నల్లవాళ్ల స్కూళ్లు తెల్లవాళ్ల స్కూళ్లతో సమానంగా లేవని ఒక్కో కేసు వేస్తూ కూర్చోవడం ఎందుకు, విడిగా ఉంచడమే రాజ్యాంగ విరుద్ధం అని, సమానంగా ఉంటే విడిగా ఉంచొచ్చు అన్న 1896 సుప్రీంకోర్టు ప్లెసీ తీర్పు మీదే నేరుగా దెబ్బకొడదాం అని. క్లాసు నవ్వింది. ఇరవై ఐదేళ్లలో ప్లెసీ పోతుందని ప్రొఫెసర్ స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌తో పది డాలర్లు పందెం కట్టి దానిమీదే పేపర్ రాశారు. పదేళ్లకే 1954లో విడి స్కూళ్లు రాజ్యాంగ విరుద్ధం అంటూ సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు వచ్చింది, ఆ కేసు తయారీలో ఉన్న లాయర్లలో రాబిన్సన్ ఒకరు, ఆవిడ పేపర్ తీసి చూసుకున్నామని తర్వాత ఎన్నో ఏళ్లకి ఆవిడకి చెప్పారు. 1944లో క్లాస్ ఫస్ట్ వచ్చిన ఆవిడని హార్వర్డ్ లా స్కూల్ పై చదువుకి తీసుకోలేదు, ఈసారి కారణం ఆడమనిషి కావడం. జాతి వివక్షకి జిమ్ క్రో అని పేరుంటే దీనికి జేన్ క్రో అని పేరు పెట్టింది ఆవిడే.

ఇక మీ ప్రశ్నలో చెప్పకుండా ఉన్న ప్రశ్న ఒకటుంది, మరి 1960దే ఎందుకు గుర్తుంది, 1943ది ఎందుకు లేదు? నాకు తోచిన కారణాలు చెప్తా. టీవీ లేదు, వీళ్ల వార్తలు ప్రధానంగా నల్లజాతి పత్రికల్లోనే వచ్చాయి. పాల్గొన్నవాళ్లు చదువు అయిపోయి చెదిరిపోయారు, కొందరు యుద్ధానికి వెళ్లారు, ఊరూరా స్టూడెంట్స్‌ని కలిపే సంస్థ లేదు, 1960లో అయితే గ్రీన్స్‌బరో అయిన రెండున్నర నెలలకే ఎల్లా బేకర్ అనే ఉద్యమ నాయకురాలి చొరవతో అలాంటి సంస్థ పుట్టింది. అన్నిటికంటే ముఖ్యం, గ్రీన్స్‌బరోలో పిల్లల్ని ఆపమని ఎంత ఒత్తిడి వచ్చినా వాళ్ల కాలేజీ ఆపలేదు, అది కూడా ప్రభుత్వ కాలేజీయే. హోవర్డ్‌లో ఆపేశారు. నేర్చుకున్న పద్ధతి చేతిలో ఉంది, గెలుపు చేతిలో ఉంది, మూడో హోటల్‌కి వెళ్లే వీల్లేకుండా పోయింది.

మీరు దీనిమీద సెమినార్ ఏదైనా ఇవ్వాలనుకుంటే ఒక్క సలహా, "మొట్టమొదటి సిట్ ఇన్ ఏది" అనే పోటీలోకి వెళ్లకండి, 1939లోనే వర్జీనియా అలెగ్జాండ్రియా లైబ్రరీలో కొందరు యువకులు ఇలాగే పుస్తకాలు తీసుకుని కూర్చుని అరెస్ట్ అయ్యారు, దాన్ని నడిపించిన శామ్యూల్ టక్కర్ అనే లాయర్ కూడా హోవర్డ్‌లో చదివినవాడే. దానికి బదులు లిటిల్ ప్యాలెస్, థాంప్సన్స్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఓనర్ ఎదురుగా ఉన్న చిన్న హోటల్ ఎలా లొంగింది, ఎక్కడో హెడ్ ఆఫీసు ఉన్న చెయిన్ ఎలా లొంగి ఎలా వెనక్కి వెళ్లింది, మధ్యలో యూనివర్సిటీ గ్రాంటు ఏం చేసింది అని. అక్కడ మీకు చాలా దొరుకుతుంది, ఇంకా ఏమైనా కావాలంటే అడగండి, చెప్తాను.